అప్పడాల పీటకు పరిహారం కోరుతూ ఒక సినిమాకు లేఖ

‘ది లిటిల్ రాస్కల్స్’ చలనచిత్రం వారి సముఖమునకు,

ఒడిశాలోని బ్రహ్మపురం నుంచి నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను గానీ, ఇక్కడ కుశలమేమీ లేదు. నిన్న మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని తమరిని చూశాం. పొద్దుగూకేలోగా మా అత్తగారి అప్పడాల పీట, గ్యాస్ సిలిండర్ కిందుండే చక్రాల స్టాండును తగిలించుకుని, పందెపు బండి అవతారమెత్తి, ఎదురింటి మావుసీ (ఒడియాలో పిన్ని) నులకమంచం మీద ఆరబెట్టుకున్న అప్పడాల మీదికి దూసుకుపోయింది.

1922లో అమెరికా నిర్మాత హాల్ రోచ్ మొదలుపెట్టిన పిల్లల పొట్టి చిత్రాల అల్లరిని 1994లో దుమ్ము దులిపి, పెద్దవాళ్లకు చిన్నతనం గుర్తుచేసే మిషతో మళ్లీ అమ్ముకున్నారు. పోనీండి, అది మీ వ్యాపారం. ఆడపిల్లల పొడ గిట్టదంటూ మీ పిల్లలు పెట్టుకున్న సంఘం సంగతి మా అమ్మాయి చూసుకుంటుంది. నిన్న బండి తోలింది అదే.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆ పిల్లల అమ్మానాన్నలు ఏమైపోయారండీ? సంఘం పాక తగలబడితే బిందెడు నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన తల్లి లేదు. దాన్ని తిరిగి కట్టుకోవడానికి బళ్ల పందెంలో 500 డాలర్ల బహుమతి కోసం పసివాళ్లే నానా తంటాలూ పడుతుంటే, ట్యూషన్ మాటేమిటని అడిగిన తండ్రి లేడు. నటి వూపీ గోల్డ్‌బర్గ్‌ను ఒకడికి తల్లిగానూ, డొనాల్డ్ ట్రంప్‌ను ఇంకొకడికి తండ్రిగానూ ఇలా చూపించి అలా మాయం చేశారు. బండికి చెక్క ఎవరింటిది, మేకులకు డబ్బులెవరిచ్చారు, విరిగినవాటికి ఎవరి గుమ్మం ముందు ఎవరు తలవంచుకుని నిలబడ్డారు, ఇవేవీ తమ కథలోకి రావు. అవన్నీ చూపిస్తే నవ్వు చెడుతుంది కాబోలు!

నిలబడింది నేనండీ! పిల్లలను తెలుగులో తిట్టి, మావుసీకి ఒడియాలో క్షమాపణ చెప్పుకుని, మట్టి కొట్టుకుపోయిన అప్పడాలను ఒక్కొక్కటే ఏరి, వాటికి బదులుగా మినప్పిండి కలిపి దంచి, రెక్కలు పడిపోయేదాకా ఒత్తింది నేను. ఆ కష్టానికి తమ నిర్మాతలు ఒక్క దమ్మిడీ విదిల్చరు.

పీట విరిగినందుకు అత్తగారు ఉగ్రరూపం దాలుస్తారని ఎదురుచూశాను. ఆవిడ మాత్రం కంటి చుట్టూ నల్లటి వలయమున్న కుక్క ముచ్చటగా ఉందనీ, వచ్చే ఆదివారం మళ్లీ ఆ సినిమాయే పెట్టమనీ అన్నారు. చక్రాలు బిగించడానికి సుత్తి ఇచ్చింది కూడా ఆవిడేనని ఇప్పుడే తెలిసింది.

ఇట్లు,
సిలిండర్‌ను చంకనెత్తుకుని మోస్తున్న ఒక కోడలు