ఇద్దరు గైడ్ల పేర్లు రాస్తే సరిపోదు

ఒంట్లో ఏ కణమూ ఒంటరిగా ఉండదు. చుట్టూ కొలాజెన్ లాంటి ప్రొటీన్ల అల్లిక ఉంటుంది, పక్కన వేరే రకం కణాలుంటాయి, రక్తనాళం ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఆక్సిజన్ అందుతుంది, ఎటునుంచో ఒత్తిడో లాగుడో ఉంటూనే ఉంటుంది. ఆ కణం ఏమవుతుందో, ఎలా నడుచుకుంటుందో చాలావరకు ఇవే తేలుస్తాయి. ఇది కొత్త సంగతేం కాదు. లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లోనే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు తిరగేసి, క్యాన్సర్ ఎక్కడ పడితే అక్కడికి పాకడం లేదని, విత్తనానికి సరిపడే నేల దొరికిన చోటే మొలుస్తోందని రాశారు. తర్వాత చాలాకాలం పరిశోధకులంతా విత్తనం, అంటే క్యాన్సర్ కణం వెంటే పడ్డారు, నేలను, అంటే దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు పట్టించుకుంటున్నారు. 2006లో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్ బృందం మనిషి మూలకణాలను రకరకాల గట్టిదనం ఉన్న జెల్స్ మీద పెంచింది. మెదడంత మెత్తగా, అంటే ఒక కిలోపాస్కల్ (గట్టిదనం కొలిచే ప్రమాణం) లోపు ఉన్న జెల్ మీద అవి నాడీకణాల పోలికలు తెచ్చుకున్నాయి. పది కిలోపాస్కల్స్ దగ్గర కండరం వైపు, 25 దాటాక ఎముక వైపు మొగ్గాయి. పోషక ద్రవం అదే, మారిందల్లా కింద ఉన్న జెల్ గట్టిదనం.

మరి ఇలాంటి ప్రయోగం ఎవరు చేయాలి? జెల్ తయారుచేసి దాని గట్టిదనం కొలవాలంటే పాలిమర్లు, మెకానిక్స్ తెలియాలి. కణం నిజంగా మారిందా, లేక రూపం మాత్రమే మారిందా అని తేల్చాలంటే జీవశాస్త్రం తెలియాలి. ఈ రెండూ వచ్చినవాళ్లు ఏ డిపార్ట్‌మెంట్ నుంచీ రెడీమేడ్‌గా రారు, పీహెచ్‌డీలోనే తయారుచేసుకోవాలి.

జరుగుతున్నదేమో వేరు. చాలాచోట్ల బయో ఇంజినీరింగ్ ప్రాజెక్టు మీద ఇద్దరు గైడ్ల పేర్లు వేసి, నెలకోసారి మీటింగ్ పెట్టి, దాన్నే అంతర్విభాగ పరిశోధన అంటున్నారు. విద్యార్థి ఒక ల్యాబ్‌లో కూర్చుని రెండో ల్యాబ్ నుంచి శాంపిళ్లు తెచ్చుకుంటాడు. ఒక గైడ్ గ్రాఫ్ చూసి బాగుందంటారు, ఇంకొకరు అదే గ్రాఫ్ చూసి ఇందులో జీవశాస్త్రం ఎక్కడుందని అడుగుతారు, మధ్యలో టెన్షన్ అంతా విద్యార్థిదే.

దీనివల్ల వచ్చే నష్టం పైకి కనిపించదు. జీవశాస్త్రం చదివినవాళ్లకు ప్లాస్టిక్ డిష్ అంటే డిష్షే. అది మెదడు కణజాలం కన్నా లక్షల రెట్లు గట్టిగా ఉంటుందని, మామూలు ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ 18 శాతం పైనే ఉంటే చాలా కణజాలాల్లో అందులో సగం కూడా ఉండదని వాళ్లకు తట్టదు. ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్లకేమో కణాలంటే ఫ్రీజర్‌లోంచి తీసి వాడే సరుకు. వాటికి మైకోప్లాస్మా అనే, కంటికి కనిపించకుండా కణాలను పాడుచేసే బ్యాక్టీరియా పట్టిందా, పేరు రాసినవి నిజంగా ఆ కణాలేనా అని చూడాలన్న ఆలోచనే రాదు. కణాలు పెంచడానికి ఇద్దరూ నమ్మకంగా వాడే మ్యాట్రిజెల్ అనే జెల్ ఎలుక కణితి నుంచి తీసిన పదార్థం, బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా ఉంటుంది. ఫలితం మళ్లీ రావడం లేదని ఏడాదంతా తల పట్టుకున్నాక ఈ విషయం తెలిస్తే ఏం లాభం?

అందుకే మేం అనేది, మొదటి ఏడాది విద్యార్థిని తనది కాని ల్యాబ్‌లో కూర్చోబెట్టాలి. చూసి రావడానికి కాదు, చేతులతో పని చేయడానికి. ఇంజినీర్ కణాలు పెంచాలి, కొన్నిసార్లు చంపుకోవాలి, కంటామినేషన్ వచ్చిన ఫ్లాస్క్ ఎలా ఉంటుందో చూడాలి. బయాలజీ విద్యార్థి జెల్ పోసి, గట్టిదనం కొలిచి, ఆ లెక్కల కోడ్ తనే రాయాలి. పాథాలజిస్టు పక్కన కూర్చుని రోగుల కణజాలం స్లైడ్లు చూడటం ఇద్దరికీ తప్పనిసరి చేయాలి. అసలు కణజాలం ఎంత గందరగోళంగా ఉంటుందో తెలియకుండా దాని నమూనా కట్టడం ఏంటి!

ఇలా చేస్తే అన్నీ కొంచెం కొంచెం తెలిసి ఏదీ పూర్తిగా రాకుండా పోతారని కొందరు ప్రొఫెసర్లంటారు. ఆ భయంలో నిజముంది. ఒక సబ్జెక్టులో పట్టు ఉండి తీరాలి, థీసిస్ అక్కడే నిలబడాలి. కానీ రెండో సబ్జెక్టులో నిపుణులు కానక్కర్లేదు, అక్కడ ఎక్కడ మోసపోవచ్చో తెలిస్తే చాలు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. స్టైపెండ్ ఒక ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచి వస్తున్నప్పుడు, ఏడాది పాటు పక్క ల్యాబ్‌లో నేర్చుకుంటానంటే ఆయన ఎందుకు ఒప్పుకుంటారు? ఆయనకు రిపోర్టు గడువులున్నాయి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే టీ32 శిక్షణ గ్రాంట్లు ఈ ముడిని కొంత విప్పాయి. ఆ డబ్బు ప్రొఫెసర్ ప్రాజెక్టుకు కాకుండా శిక్షణ కోసమే సంస్థకు వస్తుంది, దాంతో విద్యార్థికి కాస్త ఊపిరి ఆడుతుంది. అయితే అది ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసం ఉన్నవాళ్లకే. వీసా మీద వచ్చినవాళ్లు మళ్లీ ప్రాజెక్టు డబ్బు మీదే బతకాలి. అలాంటివాళ్లకు కనీసం మొదటి ఏడాది స్టైపెండైనా విశ్వవిద్యాలయం తన సొంత నిధుల నుంచి ఇవ్వాలి, ఆ ఏడాదిని ఏ ప్రాజెక్టు లెక్కలోనూ వేయకూడదు.