నడుము వంగని సంచి

గోదావరి డెల్టాలో నడుము వంచడమంటే ఊడ్పులకొచ్చే ఆడవాళ్ల పని అనుకుంటూ వచ్చాం. సార్వాకోసారి, దాళ్వాకోసారి చేలో దిగి, నారు కట్ట అయ్యేదాకా లేవని నడుములవి. వాటి కోసం ఎవరూ ఏ సంచీ కనిపెట్టలేదు. పచ్చగడ్డి మీద 75 గోల్ఫ్ బంతులు కొట్టి మళ్లీ ఏరుకోవాల్సిన పెద్దమనిషి నడుము సంగతి వేరు. ఆయన కోసం గొట్టం తగిలించిన సంచి పుట్టింది. నిలబడి బంతి మీద గొట్టం పెట్టి నొక్కితే చాలు, బంతి తనంతట తానే పైకెక్కుతుంది. ఇంతటి సంచిని ఎలా ఎంచుకోవాలన్నది, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన ప్రాంతానికి వచ్చిన అతి పెద్ద ఇంజనీరింగు సమస్య.

మైదానం ఏదని కొందరు అడ్డుపడతారు. పూర్తి ఆటకు విశాఖపట్నం పోవచ్చు. సాధనకు ఇంటి వెనక కడియం నర్సరీల నుంచి తెచ్చి పరిచిన లాను చాలు, లేదా సార్వా కోసేసిన చేను చాలు. అసలు ఆట కంటే ఏరడమే ఎక్కువసేపు పడుతుంది కాబట్టి కర్ర కంటే సంచి మీదే ముందు దృష్టి పెట్టాలి. ఆటలో 14 కర్రల దాకా పట్టుకెళ్లొచ్చని నిబంధన ఉంది. సంచి ఒక్కటే.

లెక్కతో మొదలెడదాం. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు దాటకూడదు. మామూలు సంచిలో 75 దాకా పడతాయి. పుంజీకి నాలుగు చొప్పున మన లెక్కలో 18 పుంజీల మీద మూడు. తూకం వేస్తే 3 కిలోల 445 గ్రాములు. ఇందులో ఓ మెలిక ఉంది. గొట్టం 90 సెంటీమీటర్లుంటే 21 బంతులు ఒకదాని మీద ఒకటి అందులోనే నిలబడతాయి. 22వ దాన్ని నొక్కితే గానీ మొదటిది సంచిలో పడదు. అంటే మొదటి 21 బంతులదాకా సంచి ఖాళీగా వేలాడుతూ ఉంటుంది, చూసినవాళ్లు ఇదేం యంత్రమని నవ్వుకుంటారు. పూర్తయ్యాక కూడా సంచిలో 54, గొట్టంలో 21. ఆ 21ని దింపాలంటే గొట్టాన్ని తలకిందులు చెయ్యాలి. జిప్పు వేశారో లేదో చూసుకోకుండా తలకిందులు చేస్తే మిగిలిన 54 కూడా దిగుతాయి. తర్వాత ఏం వంచాలో మీకు తెలుసు.

మన్నిక అంతా గొట్టం మూతిలో ఉంటుంది, గుడ్డలో కాదు. కొట్టువాడు గుడ్డ రంగు చూపిస్తాడు, మీరు మూతి చూడండి. బంతిని లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వని పళ్లు అక్కడుంటాయి. కొన్నిటికి ప్లాస్టిక్ పళ్లు, కొన్నిటికి స్ప్రింగు తీగ. పళ్లు గొట్టంతో పాటే పోత పోసినవైతే అవి అరిగిన నాడు గొట్టం మొత్తం పారెయ్యాలి. విడిగా బిగించిన ఉంగరమైతే ఉంగరం మార్చుకుంటే సరిపోతుంది. కొట్టులోనే ఒక బంతిని బొటనవేలితో తోసి, గొట్టాన్ని నిట్టనిలువుగా పట్టి ఇరవైసార్లు దులపండి. ఒక్కసారి జారినా పక్కన పెట్టెయ్యండి. దాని మీద 21 బంతుల బరువు, కిలోకి కాస్త తక్కువ, పడితే నిలవదు.

అల్యూమినియం గొట్టం తేలిగ్గా ఉంటుంది, మెరుస్తుంది. కారు డిక్కీలో దాని మీద ఏదైనా పడి మూతి కాస్త నొక్కుకుందా, గుండ్రటిది కోలగా అవుతుంది, బంతి సగంలో ఇరుక్కుంటుంది. పీవీసీ గొట్టానికి ఆ బాధ లేదు గానీ ఎండలో పడేస్తే పెళుసెక్కి పగులుతుంది. సొంతంగా చేయించుకునే ఉత్సాహవంతులు మోటారు సామాన్ల కొట్టుకు వెళ్లి 40 మిల్లీమీటర్ల పైపు అడుగుతారు. పైపు కొలత బయటిదండి, లోపల ఇంకా తక్కువ, బంతి మూతి దగ్గరే ఆగిపోతుంది. 50 పైపు అడగండి. లోపల వదులెక్కువ ఉంటుంది, దాన్ని పళ్లతో సరిచేసుకోవాలి. మరో జాగ్రత్త. బ్రిటన్‌లో 1990 దాకా 41.15 మిల్లీమీటర్ల చిన్న బంతి కూడా చెల్లేది. ఎవరి తాతగారి అటక మీదైనా అవి దొరికితే సంచిలో కలపకండి, కొత్త బంతిని పట్టుకునే పళ్లు వాటిని పట్టుకోవు.

ఇప్పుడు మన నేల సంగతి. ఈ యంత్రాన్ని కనిపెట్టినవాళ్లు గట్టి నేలని ఊహించారు. గోదావరి ఒండ్రు వాళ్ల లెక్కలో లేదు. పళ్లు పెట్టే అడ్డు కన్నా నేల పెట్టే అడ్డు తక్కువైతే, నొక్కినప్పుడు బంతి గొట్టంలోకి ఎక్కదు, మట్టిలోకి దిగుతుంది. పైగా పళ్ల మధ్య బురద చేరి ఎండుతుంది, మర్నాడు అవి వంగవు. అందుకని నేల పరీక్ష ముందు చెయ్యాలి. మడమ నొక్కితే గుర్తు పడుతోందంటే గొట్టం ఇంట్లోనే ఉంచండి. కోసిన చేలో ఇంకో చిక్కు. వరి దుబ్బు పక్కనున్న బంతిని నొక్కితే దుబ్బులో ఒక పోచ కూడా బంతితో పాటు పైకెళ్తుంది, మూడో పోచకు గొట్టం పట్టేస్తుంది. పిల్లిపెసర చల్లిన చేలోనైతే బంతి అసలు కనబడదు. ఏ గొట్టమైనా కనబడని బంతిని ఏరలేదు, ఇది తయారీదారు లోపం కాదు.

గుడ్డ విషయంలో మనవాళ్లకు గట్టి అభిప్రాయాలున్నాయి. 45 కిలోల యూరియా మోసిన బస్తా మూడున్నర కిలోలు మొయ్యదా అంటారు. మోస్తుంది, నీడలో ఉన్నన్నాళ్లు. ఆ ప్లాస్టిక్ నేత ఎండకు పొడిగా రాలుతుంది, ఒక వేసవి గడిచేసరికి బంతుల కంటే పొట్టు ఎక్కువ ఉంటుంది. గోనె తడిస్తే కుళ్లుతుంది. మెరిసే రెగ్జిన్ సంచి నీళ్లు పీల్చదు, అది నిజమే, లోపలికెళ్లిన నీళ్లను వదలదు కూడా. మంచులో ఏరిన బంతుల్ని జిప్పు వేసి మూలన పెడితే మన ఉక్కకు మూడో రోజుకే బూజు వాసన. అందుకే డెల్టాలో వల గుడ్డే మేలు, గాలాడుతుంది, నీరు కారిపోతుంది. నరసాపురం వైపు వల కొట్లో నైలాను వల తీసుకుంటే కన్ను సాగదీసి కొలవండి. బంతి చుట్టుకొలత 134 మిల్లీమీటర్లు, అందుచేత సాగదీసిన కన్ను 67 అయితే బంతి జారిపోతుంది. 50 కూడా నాకు ధైర్యం చాలదు, 25 తీసుకోండి.

కుట్టు చూడాలంటే సంచిని తిరగేయాలి. అడుగు భాగం విడిగా గుండ్రంగా కత్తిరించి అతికారా, ఒకే గుడ్డ మడిచి రెండు పక్కలా కుట్టారా? రెండోదే మంచిది, బరువు కుట్టు మీద కాకుండా మడత మీద పడుతుంది. కుట్టు రెండు వరసలుండాలి, దారం పాలిస్టరుది కావాలి. నూలు దారం తడికి ముందు పోతుంది, గుడ్డ కొత్తగానే ఉండి సంచి నోరు తెరుస్తుంది. జిప్పు ప్లాస్టిక్ పళ్లదైతే ఉప్పుగాలికి నిలుస్తుంది, ఇనప రన్నరున్నది అంతర్వేది దాకా తీసుకెళ్తే తుప్పుతో తిరిగొస్తుంది. భుజం పట్టీ కుట్టిన చోట చతురస్రం, దాని మధ్యలో ఇంటూ గుర్తు కుట్టు ఉందో లేదో చూడండి. చివరి పరీక్షకు బంతులక్కర్లేదు. మూడున్నర కిలోల ధాన్యం గుడ్డసంచిలో కట్టి ఇందులో పెట్టి రాత్రంతా మేకుకు తగిలించండి. పొద్దున్న కుట్టులో సూది రంధ్రాలు సాగి వెలుగు కనిపిస్తే తిరిగిచ్చెయ్యండి. ధాన్యం మాత్రం తీసుకోండి.

ఇంత చూసి కొన్నాక కూడా నాలుగో బంతో అయిదో బంతో గట్టు దాటి పంటబోదెలో పడుతుంది. అది తేలదు. 40 ఘన సెంటీమీటర్ల పైచిలుకు నీటిని తోసి, దాదాపు 46 గ్రాములు తూగేది మునుగుతుంది. అడుగున మెత్తటి బురద, అక్కడ గొట్టం పని చెయ్యదని పైనే చెప్పాం. ఎండాకాలంలో కాలువలు కట్టేసేదాకా ఆగొచ్చు. ఆగలేనివాళ్లు మోకాళ్లదాకా దిగి, నడుము వంచి, చేత్తో తడమాలి. ఊడ్పుల రోజుల్లో ఆ పనికి మనుషులు దొరకరు, దొరికినా కూలి ముందే మాట్లాడుకోవాలి.