ఆదివారం 11 గంటలకే వెళ్లండి

అమ్మానాన్నల్ని చేర్చడానికి అసిస్టెడ్ లివింగ్ సెంటర్‌ని, అంటే పెద్దవాళ్లని దగ్గరుండి చూసుకునే చోటుని, వెతికే విషయంలో హైదరాబాద్ కుటుంబాలు ఎంతో శ్రమపడి ఒక పద్ధతి ఏర్పరచుకున్నాయి. ఈ మధ్య కొందరు నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఒకరిద్దరు అతి తెలివి కోడళ్లు దాన్ని చెడగొట్టడానికి బయల్దేరారు. సంప్రదాయాన్ని కాపాడుకోవాలన్న ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు.

సెంటర్ చూడ్డానికి ఆదివారం ఉదయం 11 గంటలకే వెళ్లాలి. ఆ వేళకు స్నానాలు అయిపోయి ఉంటాయి, పక్కబట్టలు మార్చేసి ఉంటారు, మిగతా వాసనలన్నిటి మీదా ఫినాయిల్ గెలిచి ఉంటుంది. పెద్దవాళ్లు తలలు దువ్వించుకుని హాల్లో టీవీ ముందు కూర్చుని ఉంటారు. మేనేజరు గారు టీ ఇప్పిస్తారు. రాత్రి 8 గంటలకు మాత్రం పొరపాటున కూడా వెళ్లొద్దు. చాలాచోట్ల కేర్‌టేకర్లవి 12 గంటల డ్యూటీలు. పగటివాళ్లు చెప్పులేసుకుంటూ ఉంటారు, రాత్రివాళ్లు ఇంకా బస్సులో ఉంటారు. ఎవరు అన్నం వదిలేశారో, ఎవరికి సాయంత్రం మాత్ర పడలేదో, ఎవరి డైపర్ ఎప్పుడు మార్చారో రిజిస్టర్లో రాసి అప్పగించారా, గుమ్మంలో నోటిమాటగా చెప్పి వెళ్లిపోయారా అన్నది ఆ అరగంటలో కళ్లారా కనిపిస్తుంది. కనిపిస్తే మనశ్శాంతి పోతుంది. "రాత్రి రెండింటికి ఈ అంతస్తులో ఎంతమంది మేలుకుని ఉంటారు?" అని అడగడం ఇంకా అమర్యాద. "24 గంటలూ స్టాఫ్ ఉంటారండీ" అని ఎలాగూ చెప్తారు. నిజమే, ఉంటారు. ఉండడానికీ మేలుకుని ఉండడానికీ మధ్య ఒక మడతమంచం కూడా ఉంటుంది.

తర్వాత వాస్తు. గదిలో అడుగుపెట్టగానే ఫోన్లో దిక్సూచి తెరిచి, మంచం తలవైపు ఉత్తరానికి లేదని రూఢి చేసుకోవాలి. ఈ పని చెయ్యని కుటుంబం అరుదు. కొలిచే టేపు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి. చేతిలో టేపుంటే బాత్రూం తలుపు కొలవాలనిపిస్తుంది. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు 25, 26 అంగుళాలు. ఇళ్లు అద్దెకు తీసుకుని సెంటర్లుగా మార్చినచోట బాత్రూం గుమ్మం చాలాసార్లు రెండున్నర అడుగులే. అందులో ద్వారబంధం, తలుపు మందం పోగా కుర్చీ దూరితే మోచేతులు గీసుకుంటాయి. ఆ తలుపు లోపలికి తెరుచుకునేదైతే ఇంకో సౌకర్యం ఉంది. లోపల పడిన మనిషి తలుపుకి అడ్డంగా పడి ఉంటారు, బయటివాళ్లు తలుపు తోస్తే ఆయన్నే తోసినట్టవుతుంది. పట్టుకుని లేవడానికి గోడకున్న కమ్మీని మీ బరువంతా వేసి లాగి చూడాలని నర్సుల వాదన. తువ్వాలు ఆరేసుకునే రాడ్డునే కమ్మీ అని చూపించేవాళ్లున్నారు కాబట్టి, ఊడొస్తే గోడ పాడుచేసిన నింద మనమీదికొస్తుంది. ఎందుకొచ్చిన గొడవ!

బెల్లు విషయంలోనూ వీళ్ల చాదస్తం ఇంతే. మంచం పక్కన ఒకటుంటే చాలదట. బాత్రూంలో కమోడ్ పక్కన తాడులాంటిది నేలకు జానెడెత్తు వరకు వేలాడాలట. అక్కడ బెల్లు అవసరపడేసరికి మనిషి నేలమీదుంటారు, స్విచ్చేమో నాలుగడుగుల ఎత్తులో ఉంటుందని వాళ్ల లెక్క. చూడ్డానికెళ్లినవాళ్లు ఆ బెల్లు ఓసారి నొక్కి, ఎవరైనా వచ్చేదాకా గడియారం చూస్తూ నిలబడాలట. పిల్లనిచ్చేటప్పుడైనా ఇంత పరీక్ష పెడతామా?

నొక్కినా ఎవరూ రాని బెల్లు వల్ల జరిగేది ఏముంది కనుక. రాత్రి లేపి బాత్రూంకి తీసుకెళ్లేవాళ్లు రారని అర్థమయ్యాక పెద్దావిడ సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేస్తుంది. ఎవరికీ చెప్పదు. పొద్దున సీసా నిండుగా కనిపిస్తే, పాపం ఎంత శ్రద్ధగా నింపి పెట్టారో అనుకుంటాం. నీళ్లు తగ్గితే మలబద్ధకం, దాని వెనకే మూత్రంలో ఇన్ఫెక్షన్. ఆ వయసులో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం ఉండకపోవచ్చు, మంట ఉందని చెప్పకపోవచ్చు. ఉన్నట్టుండి మాట తడబడుతుంది, పగలూ రాత్రీ తారుమారవుతాయి, ఎప్పుడో పోయిన భర్త గుమ్మంలో నిలబడ్డాడంటుంది. మూత్ర పరీక్ష చేయించాల్సిన చోట "వయసు కదండీ" అంటారు, మనమూ అవునంటాం. రాత్రుళ్లు కేకలేస్తోందని ఒక నిద్రమాత్ర మొదలవుతుంది. ఆ మత్తులోనే తెల్లవారుజామున లేచి బాత్రూంకి బయల్దేరి పడుతుంది, తుంటి ఎముక విరుగుతుంది. కాగితం మీద "కాలుజారి పడ్డారు" అని రాస్తారు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

భోజనం దగ్గర మన కుటుంబాలు భలే నిక్కచ్చిగా ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి లేని వంట దొరుకుతుందా, ఆదివారం పెసరట్టు ఉందా, ఆవకాయ జాడీ గదిలో పెట్టుకోనిస్తారా, అన్నీ అడుగుతారు. అడగాల్సిందే, ఆవకాయ లేకుండా మనిషెలా బతుకుతాడు! ఎలా తినిపిస్తారన్నది మాత్రం మన పరిధిలోకి రాదు. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకు పలచటి చారు, మంచినీళ్లే ముందు గొంతులో అడ్డంపడతాయి. మెత్తగా చిక్కగా కలిపిన పప్పన్నం నయం. నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. లేకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మనిషికి 15 నిమిషాలు పట్టే పని ఇది. ఒక్క ఆయా ఆరుగురికి గంటలోపు తినిపించేస్తోందంటే ఆమె చురుకుదనాన్ని మెచ్చుకుని రావడం మర్యాద. ఇన్సులిన్ ఇచ్చాక టిఫిన్ గంట ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పడతాయి, తికమకపడతారు. దానికీ మన దగ్గర "వయసు కదండీ" ఉండనే ఉంది. నెలనెలా బరువు తూచి రాసే పుస్తకం చూపించమంటే మేనేజరు గారి మొహం ఎలా మారుతుందో కూడా చూడకండి.

సీసీ కెమెరా లేని చోట అడ్వాన్సు కట్టకూడదన్నది అమెరికా పిల్లల నియమం. కెమెరాలో మంచం కనిపిస్తుంది, మంచం మీద నాన్న కనిపిస్తాడు. డైపర్ మార్చేటప్పుడు కూడా కనిపిస్తాడు, దాని గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు లెండి. ఇక వీడియో కాల్. వేసవిలో డాలస్‌లో రాత్రి 8 అయితే ఇక్కడ పొద్దున 6:30. సెంటర్లో అందరి చేతులూ పనిలో మునిగి ఉండే వేళ అదే. నాన్నకి గడ్డం గీసి, దిండ్లు ఆనించి, ఫోన్ పట్టుకుని ఒక మనిషి పావుగంట నిలబడుతుంది. పక్క మంచం ఆయన తడిసిన బట్టతో ఆ పావుగంటా ఎదురుచూస్తాడు. ఆయనకూ డాలస్‌లో పిల్లలుంటే, వాళ్ల కాల్ వచ్చినప్పుడు ఈయన ఎదురుచూస్తాడు. ఆ విధంగా న్యాయం జరుగుతుంది.

సెంటర్ ఊరవతల మొయినాబాద్‌లో ఉన్నా, శంకర్‌పల్లిలో ఉన్నా, శామీర్‌పేటలో ఉన్నా బ్రోచర్లో "ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) నుంచి 10 నిమిషాలు" అని ఉంటే నిశ్చింత. రాత్రి కూడా సీటీ స్కాన్ తీసే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందన్నది బ్రోచర్లో ఉండదు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీశాకే. అంతకుముందు ఆ మనిషిని మూడో అంతస్తు నుంచి కిందికి దింపాలి. స్ట్రెచర్ ఆరడుగుల పైమాటే, ఆరుగురెక్కే లిఫ్టులో పట్టదు. దుప్పట్లో వేసి మెట్ల మీదుగా నలుగురు మోస్తారు, నలుగురుంటే.

డబ్బు సంగతి క్లుప్తంగా. నెల ఫీజు గురించి గంట బేరమాడి, అందులో చేరనివి ఏమిటో అడక్కుండా సంతకం పెట్టడం ఆచారం. డైపర్లు, ఫిజియో, ఆసుపత్రికి తోడొచ్చే మనిషి, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మంచం అట్టిపెట్టినందుకు అద్దె, ఇవన్నీ రెండో నెల బిల్లులో పరిచయమవుతాయి. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద తల్లిదండ్రులు ఆర్డీఓ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఆ చట్టం పెట్టిన గరిష్ఠ భరణం నెలకు 10,000 రూపాయలు. రాత్రి పూట ఒక మనిషిని పెట్టుకోవడానికే అది చాలదు. చూసుకోవాలన్న షరతుతో ఇల్లు రాసిచ్చి ఉంటే, చూసుకోనప్పుడు 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయించడం ప్రేమకి అవమానమని మన నాన్నలు రాయించరు.

అమెరికా నుంచి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకొకటుంది: "ఏదైనా అయితే, మేం వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్ ఏర్పాటు చేస్తారు కదా?" చేస్తారు. దానికేం లోటు లేదు. దానికి ముందు రాత్రి సంగతే దరఖాస్తులో ఆఖరి పేజీలో ఉంటుంది. ఆసుపత్రిలో ఆపరేషన్‌కి సంతకం పెట్టి, అడ్వాన్సు కట్టి, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారో లేదో డాక్టరుకి చెప్పగల స్థానికుడి పేరు రాయమంటారు అందులో. ముగ్గురు కొడుకులూ వాట్సాప్ గ్రూపులో గంటసేపు చర్చించి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న నాన్న మేనల్లుడి నంబర్ ఇస్తారు. సెంటరేమో నగరానికి ఇంకో కొసన, శంకర్‌పల్లిలో. మేనల్లుడికి ఈ సంగతి చెప్పే బాధ్యత ఎవరిదన్న దానిమీద గ్రూపులో ఇంకా చర్చ నడుస్తోంది.