బ్యాట్ నాదైతే అవుట్ కూడా నా ఇష్టమే

2007 మార్చి 17ని మర్చిపోగలమా? వెస్టిండీస్‌లో జరిగిన వన్డే ప్రపంచ కప్‌లో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మనం బంగ్లాదేశ్ చేతిలో ఓడిన రోజు. అదే రోజు కింగ్‌స్టన్‌లో పాకిస్తాన్‌ను ఐర్లాండ్ ఓడించింది. పది రోజులు తిరక్కుండా రెండు జట్లూ ఇంటిదారి పట్టాయి. ఏప్రిల్ 15న బార్బడోస్‌లో భారత్–పాక్ మ్యాచ్ ఖాయమని అందరూ లెక్కలేసుకుంటే, అది కాస్తా బంగ్లాదేశ్–ఐర్లాండ్ అయి కూర్చుంది. (ఐర్లాండ్ 74 పరుగులతో గెలిచింది. చూసినవాళ్లు ఎంతమంది ఉంటారో!) మనకది గుండెకోత, ప్రకటనల మీద డబ్బు పెట్టినవాళ్లకు అంతకంటే పెద్ద కోత.

ఆ తర్వాత ప్రపంచ కప్ ఎలా చిక్కిపోయిందో చూడండి. అప్పుడు 16 జట్లు, 2011, 2015ల్లో 14, 2019, 2023ల్లో పదే పది. అందరూ అందరితో ఆడాలి కాబట్టి మనవాళ్లు ఎంత చెత్తగా ఆడినా తొమ్మిది మ్యాచ్‌లు గ్యారంటీ. నాణ్యత కోసమే తగ్గించామంది ప్రపంచ క్రికెట్‌ను నడిపే ఐసీసీ. నేను నమ్మను. నాణ్యత మీద అంత ప్రేమే ఉంటే, ఆ పదిలో చివరి రెండు చోట్ల కోసం 2018లో జింబాబ్వేలో పెట్టిన క్వాలిఫయర్‌లో డీఆర్‌ఎస్ (అంపైర్ నిర్ణయాన్ని టీవీ రీప్లేతో సవాలు చేసే పద్ధతి) అయినా పెట్టేవాళ్లు కదా. స్కాట్లాండ్ వెస్టిండీస్ చేతిలో వాన లెక్క ప్రకారం 5 పరుగుల తేడాతో ఓడింది, మధ్యలో కీలకమైన ఒక ఎల్బీ నిర్ణయాన్ని ప్రశ్నించే దారే వాళ్లకు లేకపోయింది. ఒక దేశం నాలుగేళ్ల కష్టం అంపైర్ వేలితో పోయింది.

2024 టీ20 ప్రపంచ కప్ దగ్గరకొస్తే ఇక మొహమాటం కూడా లేదు. ఇండియా సెమీస్‌కు వస్తే ఆడేది గయానాలోనే అని టోర్నీ మొదలవకముందే రాసేశారు. అక్కడ ఉదయం పదిన్నర అంటే మనకు రాత్రి ఎనిమిది, అన్నాలు తింటూ టీవీ ముందు కూర్చునే వేళ. గయానా వాడికి అది గురువారం, పనికి పోయే టైమ్. ఆ సెమీస్‌కు రిజర్వ్ డే (వాన అడ్డుపడితే మర్నాడు ఆడే వీలు) లేదు, వాన పడితే అదనంగా 250 నిమిషాలు ఇచ్చారు, ట్రినిడాడ్‌లో జరిగే ఇంకో సెమీస్‌కు మాత్రం రిజర్వ్ డే ఉంది. ఆ ట్రినిడాడ్ సెమీస్ ఆడిన అఫ్గానిస్తాన్ సంగతి చూడండి. సెయింట్ విన్సెంట్‌లో అర్ధరాత్రి దాకా ఆడి బంగ్లాదేశ్‌ను ఓడించి, విమానం ఆలస్యమై, ట్రినిడాడ్‌లో దిగి, రెండు రోజులు నిండకముందే మళ్లీ బరిలో దిగారు. 56కే ఆలౌట్, 12 ఓవర్లు కూడా నిలవలేదు. పిచ్ కూడా దారుణమే, కాదనను, దక్షిణాఫ్రికా బాగానే వేసింది. కానీ తమ చరిత్రలో తొలి ప్రపంచ కప్ సెమీస్ ఆడుతున్న జట్టుకు ఒక్క రాత్రి కంటినిండా నిద్ర ఇవ్వలేని షెడ్యూల్, ఇంకో జట్టుకు ఊరు, టైమ్ ముందే రిజర్వ్ చేసి పెట్టింది. ఆ కప్ మనమే గెలిచాం, గెలవగలిగిన జట్టే కూడా. బుమ్రాకు గయానా అక్కర్లేదు. అందుకే మరీ ఒళ్లు మండుతుంది, అవసరం లేని సాయం చేసి గెలుపు మీద మరక వేశారు.

2023 ఆసియా కప్ సూపర్ ఫోర్‌లోనూ ఇంతే, రిజర్వ్ డే ఒక్క భారత్–పాక్ మ్యాచ్‌కే. 2013 నుంచి గ్రూపులుగా జరిగిన ప్రతి సీనియర్ పురుషుల ఐసీసీ టోర్నీలో ఈ రెండూ ఒకే గ్రూపులో పడుతున్నాయి. ఏం చీటీలో మరి!

డబ్బు ఇండియాదే కదా, అది లేకపోతే చిన్న బోర్డులు మూతపడతాయి కదా అంటారు. నిజమే. 2024–27 ఐసీసీ ఆదాయం పంపకాల్లో మన బోర్డు బీసీసీఐ వాటా 38.5 శాతం, తర్వాతి ఇంగ్లండ్‌ది 7 శాతం లోపే. సరే, తీసుకోండి. వాటా ఎక్కువైతే లాభం ఎక్కువ రావాలి, అవుటైనా అవుట్ కానట్టు చేసే హక్కు ఎక్కడిది?

అసలు ఆ డబ్బు బీసీసీఐది కూడా కాదు, మనం టీవీ ముందు కూర్చున్న గంటలది. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఏలకుల డబ్బా పేరుతో పాన్ మసాలా అమ్ముతుంటే చూస్తున్నాం చూడండి, ఆ చూపులది. ఈ రోగం పైనుంచి గల్లీ దాకా దిగింది. హైదరాబాద్‌లో ఖాళీ జాగాలన్నీ నెట్ కట్టిన బాక్స్ క్రికెట్ అయిపోయాయి, గంటకు ఇంత. డబ్బు కట్టిన గంట అయిపోగానే ఆఖరి ఓవర్ మిగిలున్నా లైట్లు ఆర్పేస్తారు. మా అన్న కొడుకు పదేళ్ల వాడు, ఖాళీ స్థలంలో ఊరికే ఆడుకోవచ్చంటే నావైపు వింతగా చూశాడు.

మా చిన్నప్పుడు వీధిలో ఒక్కడికే నిజమైన బ్యాట్ ఉండేది. ఫస్ట్ బ్యాటింగ్ వాడిదే, మొదటి బంతికి అవుటైతే 'ట్రయల్ బాల్' అనేవాడు, నోరు మూసుకుని ఒప్పుకునేవాళ్లం. ఒకరోజు గట్టిగా గొడవపడితే బ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మేం కొబ్బరి మట్ట చెక్కుకుని ఆడాం. చీకటి పడేలోపు వాడే మళ్లీ వచ్చి, ఫీల్డింగ్ ఎక్కడ చేయాలని అడిగాడు.