రాస్‌ని పక్కన పెట్టొద్దు

(గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం 2004లో వచ్చిన, గళ్ల పటం మీద వంతులవారీగా యుద్ధం చేసే వీడియో గేమ్ ‘ఫైర్ ఎంబ్లెం: ది సేక్రెడ్ స్టోన్స్’ మీద హనుమకొండలో ఒక అక్కకీ తమ్ముడికీ జరిగిన వాదన. రాస్ రెండో అధ్యాయంలో గొడ్డలి పట్టుకుని వచ్చే పిల్లాడు. చాలామంది వాడిని ఆడించనే ఆడించరు.)

తమ్ముడు: వాడి బలం 5, వేగం 3, రక్షణ 3. రెండు దెబ్బలకి పోతాడక్కా. ఈ ఆటలో పోయినవాడు మళ్లీ రాడు. మొదటి నుంచీ సెథ్ లాంటి వీరుడు చేతిలో ఉండగా వీడెందుకు?

అక్క: అందర్నీ సెథే కొట్టేస్తే మిగతావాళ్లు ఎప్పుడు ఎదగాలె తమ్మీ?

తమ్ముడు: ఎదగకపోతే ఏమైతది? సెథ్ చివరిదాకా పనికొస్తాడు. కాదంటావా?

అక్క: అనను. సెథ్ మస్తు మంచి యూనిట్. కానీ రాస్‌ని పెంచే పద్ధతి తెలియకనే వదిలేస్తున్నారు. సెథ్‌ని ముందుకు పంపితే శత్రువు చచ్చిపోతాడు, రాస్‌కి ఏం మిగలదు. గిలియంని పంపాలి. కవచం వేసుకుని మెల్లగా నడిచే మనిషి. రెండోసారి కొట్టాలంటే ఎదుటివాడి కంటే వేగం 4 ఎక్కువ ఉండాలి కదా, గిలియంకి అంత ఉండదు, ఒక్క పోటే పొడుస్తాడు. శత్రువు కొనఊపిరితో మిగులుతాడు. అప్పుడు రాస్ వంతు. వాడు వచ్చేటప్పుడే చేతిలో హాచెట్ ఉంటుంది, విసిరే చిన్న గొడ్డలి. రెండు గళ్ల దూరం నుంచి విసిరితే మామూలు ఈటె పట్టినవాడు తిరిగి కొట్టలేడు. పైగా గొడ్డలి ముందు ఈటె లోకువ. చంపినవాడికే ఎక్కువ ఎక్స్‌పీ, అంటే లెవల్ పెంచే పాయింట్లు, అందులోనూ లెవల్ 1 వాడికి బాగా వస్తుంది. విసిరే ముందు మాత్రం తర్వాతి టర్న్‌లో వాడి మీదికి ఎవరు రాగలరో గళ్లు లెక్కపెట్టి, ఆ దారికి గిలియంని అడ్డం పెట్టాలి. లెవల్ 10 అయితే తర్వాతి అధ్యాయం మొదట్లోనే పై తరగతికి పోయి ఫైటరో పైరేటో అవుతాడు, ఏ వస్తువూ ఖర్చు కాదు. మళ్లీ లెవల్ 1 నుంచి మొదలు. అంటే తొమ్మిది లెవల్ అప్‌లు అదనం.

తమ్ముడు: ఆ తొమ్మిదీ వాళ్ల నాన్నని అందుకోవడానికే సరిపోతయి! గార్సియా అదే అధ్యాయంలో వస్తాడు, ఆయనదీ గొడ్డలే, బలం అప్పటికే 8. లెవల్ పెరిగినప్పుడు బలం పెరిగే అవకాశం ఆయనకి 65 శాతం, కొడుక్కి 50.

అక్క: బలంలో తండ్రిదే పైచేయి, ఒప్పుకుంటా. వేగం చూడు. ఆయనకి 20 శాతం, వీడికి 30. గొడ్డలివాళ్లు దెబ్బలు తినేదే వేగం లేక. అయినా ఇద్దరూ ఉంటే ఏం పోయింది? సపోర్ట్, అంటే ఇద్దరి మధ్య బంధం, పెరిగాక మూడు గళ్ల లోపల ఉంటే ఇద్దరికీ బోనస్.

తమ్ముడు: నువ్వు ఎవరు చచ్చినా రీసెట్ కొట్టి అధ్యాయం మళ్లీ మొదలుపెడతావు. అందుకే ఇన్ని మాటలు.

అక్క: వెనెస్సా పోయినప్పుడు నువ్వు కొట్టలేదా?

తమ్ముడు: ఆమె రెక్కల గుర్రం మీద ఎగురుతుంది! దొంగలకంటే ముందు ఊళ్లకి ఎవరు చేరుకోవాలె?

అక్క: అవసరం అనుకున్న మనిషిని కాపాడుకున్నావు. నేను చేసేదీ అదే.

తమ్ముడు: ...సరే, ఫైటరా, పైరేటా? ఇంకా లెవల్ 2 కాలేదు, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మన ముచ్చట.

అక్క: పైరేట్. నీళ్ల మీద నడుస్తాడు. ఆ తర్వాత దాని పై తరగతి బెర్సర్కర్ చేస్తే క్రిటికల్‌కి, అంటే మూడింతల దెబ్బ పడే అవకాశానికి, 15 శాతం కలుస్తుంది. అలా మార్చే వస్తువు ఓషన్ సీల్ దొరికితే మాత్రం డబ్బులకి ఆశపడి అమ్మకు.