ఎయిడెడ్ స్వాహిలీ

బ్రాడీపేటలో మా పక్కింటి అబ్బాయి తాను ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లనని, ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆఫ్రికా అధ్యయన శాఖలో స్వాహిలీ నేర్చుకుని, ఆపైన టాంజానియాలో ఎయిడ్ పనికి కుదురుకుంటానని ప్రకటించిన సాయంత్రం, వాళ్ల నాన్నగారు నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, అది ఎయిడెడ్ పోస్టేనా?" అని ఆశగా అడిగారు. జీతం ఖజానా నుంచి రావడం తప్ప ఆ మాటకు మా వీధిలో మరో అర్థం లేదు కనుక ఆయనను తప్పుపట్టలేము. అది పరదేశపు పేదలకు చేసే సాయమని నేను విడమరచి చెప్పగా, ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే పర్మనెంటు కాదన్నమాట" అని నిట్టూర్చారు.

బంధువులు మాత్రం ఉత్సాహంగానే ఉన్నారు. ఆ ఖండంలో సుమారు రెండు వేల భాషలున్నాయన్న సంగతి వారి దాకా రాలేదు కాబట్టి, మొన్న గృహప్రవేశంలో అందరూ అబ్బాయిని చుట్టుముట్టి, "ఏదీ, ఆఫ్రికాలో ఒక ముక్క మాట్లాడు" అని పట్టుబట్టారు.

ఇంతటి విద్యను ఢిల్లీకి వదిలివేయడం మన జిల్లాకు తలవంపులని నా అభిప్రాయం. స్వాహిలీ మన కోచింగ్ పద్ధతికి అతికినట్లు సరిపోయే భాష. తెలుగులాగే దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది కనుక ఉచ్చారణ నేర్పే టీచరు జీతం యాజమాన్యానికి మిగులుతుంది. నామవాచకాలు వర్గాలుగా చీలి ఉంటాయి. వచనభేదం మాట చివర కాక మొదట కనబడుతుంది. ఒక పిల్లవాడైతే మ్‌తోతో, పదిమందైతే వాతోతో. అరబ్బీ నుంచి వచ్చిన 'కితాబు'లోని మొదటి అక్షరాన్ని సైతం తమ ఉపసర్గగానే లెక్కగట్టి, ఎక్కువ పుస్తకాలను 'వితాబు' చేసుకున్న తెలివి వారిది. ఇదంతా బిట్లుగా కొట్టి, తెల్లవారుజామున 4 గంటల స్టడీ అవర్‌లో వల్లె వేయించదగిన సరుకు కాదా?

చిన్న చిన్న ప్రమాదాలు లేకపోలేదు. స్వాహిలీలో భారతీయుడు 'మ్‌హిందీ', మొక్కజొన్న 'మాహిందీ'. ఉపసర్గ దగ్గర తడబడిన మన అబ్బాయి, తొలి ఆన్‌లైన్ పాఠంలోనే తాను తెనాలి వైపు వరి కోశాక వేసే పంటనని సవినయంగా పరిచయం చేసుకున్నాడు. గడియారం సంగతి మరీ కష్టం. వారు పగటి గంటలను పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తారు గనుక మన ఉదయం 7 వారికి ఒంటి గంట, 8 రెండు గంటలు. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టే పంచాంగం చేతిలో ఉన్న తాతగారికి ఇది క్షణంలో బోధపడింది. మనవడు మాత్రం రెండు గంటల పాఠానికి మధ్యాహ్నం భోజనం ముగించి, చేతులు తుడుచుకుని హాజరయ్యాడు.

సాయం పొందవలసినవారు ఏమడుగుతున్నారో వినడమనే అధ్యాయం ఈ పాఠ్యప్రణాళికలో ఎక్కడ ఉందని నేను ఒకసారి అడిగాను. అది ఛాయిస్‌లో వదిలేయవచ్చునని అబ్బాయి అభిప్రాయం.

గత ఆదివారం అతడు ప్రాక్టికల్స్‌కు సిద్ధమయ్యాడు. మా వీధి చివర మేడ మీద గది అద్దెకు తీసుకుని బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న టాంజానియా కుర్రవాడు మెట్ల దగ్గర నిలబడి ఉండగా, మనవాడు గొంతు సవరించుకుని, పొల్లు పోకుండా, "ఉనహితాజి మ్‌సాడా?" అని అడిగాడు. సాయం ఏమైనా కావాలా అని దాని అర్థం. ఆ కుర్రవాడి ముఖం వెలిగిపోయింది.

"కావాలి తమ్ముడూ," అన్నాడు శుభ్రమైన గుంటూరు తెలుగులో. "ఈ గ్యాస్ బండ రెండో అంతస్తుకు ఎక్కించాలి, అటువైపు ఓ చెయ్యెయ్యి."

మనవాడు నోట్సు తెరిచి, బండ ఏ వర్గపు నామవాచకమో వెతకడం మొదలుపెట్టాడు.