ఇతరములు – వ్యక్తిగత కారణాలు

మన దేశంలో దేశభక్తికి నిర్ణీత వేళలుంటాయన్న సంగతి మా మిత్రుడికి నలభయ్యో పడి దగ్గరపడినా తెలియకపోవడం విచారకరం. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటున్న ఈ అమాయకుడు రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్ఎస్‌బీ అనే సైనికాధికారుల ఎంపిక పరీక్ష, వైద్యపరీక్ష అనే నాలుగు గడపలూ దాటి, ఉద్యోగం చేసుకుంటూనే సైన్యంలో సేవ చేసే వీలున్న టెరిటోరియల్ ఆర్మీలో లెఫ్టినెంట్ అయ్యాడు. అంతటితో ఆగి, ఫొటోకు ఫ్రేము కట్టించుకుని ఉంటే కంపెనీ కూడా చప్పట్లు కొట్టి ఊరుకునేది. కానీ అతడు ఏటా హాజరు కావలసిన రెండు నెలల శిక్షణకు సెలవు అడిగాడు.

సెలవు పోర్టల్‌లో కారణాల జాబితా ఒకటి ఉంటుంది. అందులో అనారోగ్యం ఉంది, పెళ్లి ఉంది, ప్రసూతి ఉంది, దగ్గరి బంధువుల మరణం ఉంది, చివరికి పుట్టినరోజు కూడా ఉంది. దేశరక్షణ మాత్రం లేదు. పైనుంచి కిందికి మూడుసార్లు వెతికి, అట్టడుగున ఉన్న ‘ఇతరములు – వ్యక్తిగత కారణాలు’ అన్నదాన్ని నొక్కాడు. సరిహద్దు వ్యవహారం అతడి సొంత గొడవ అయిందన్నమాట.

మర్నాడు హెచ్ఆర్ అధికారిణి పిలిపించింది. చాలా మర్యాదస్తురాలు. “మీ సేవకు మా అందరి వందనాలండీ. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్తారు కదా?” అని అడిగింది. ఫైరింగ్ రేంజిలో సిగ్నల్ ఉండదని ఇతడు విన్నవించుకున్నాడు. “ఫైరింగ్ ఎలాగూ సాయంత్రానికి అయిపోతుంది కదండీ, ఆరున్నర కాల్‌లో కెమెరా ఆపేసి కూర్చోండి చాలు” అని ఆమె దారి చూపించింది. అప్పటిదాకా మౌనంగా ఉన్న మేనేజర్ గొంతు సవరించుకుని, ఆ శిబిరమేదో మూడు నెలల లెక్కలు ముగిసే క్వార్టర్ ఎండ్ అయ్యాక పెట్టుకోమని వాళ్లను అడగరాదా అన్నాడు. వాళ్లంటే ఎవరు సార్ అని ఇతడు అడిగితే, “అదేనయ్యా, ఆర్మీ వాళ్లు” అన్నాడు. అది కుదరదని తేలాక కాసేపు ఆలోచించి, మేనేజర్ పదవికి తగిన పరిష్కారం కనిపెట్టాడు: “పోనీ నీ బదులు ఇంకొకరిని పంపిద్దామా? ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఇద్దరు ఖాళీగానే ఉన్నారు.”

తప్పంతా పాతకాలపు పెద్దలది. 1948లో చట్టం చేసి, 1949 అక్టోబరు 9న రాజాజీ చేతుల మీదుగా ఈ సైన్యాన్ని ప్రారంభించినప్పుడు వాళ్లు ఒక విచిత్రమైన నమ్మకంతో ఉన్నారు. ఇది ఎవరికీ ఉద్యోగం ఇచ్చే సంస్థ కాదు; చేరేవాడికి ముందే ఒక ఉద్యోగమో వృత్తో ఉండాలి. శాంతికాలంలో తన పని తాను చేసుకుంటూ, పిలుపు వచ్చిన రోజున తుపాకీ పట్టాలి. శిక్షణలో ఉన్నన్నాళ్లూ జీతం కూడా సైన్యమే ఇస్తుంది. పౌరుడు సిద్ధపడితే అతడి యజమాని కూడా సిద్ధపడతాడని ఆ పెద్దలు అనుకున్నట్టున్నారు. పాపం, వాళ్లు క్వార్టర్ ఎండ్ చూసి ఎరుగరు.

2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ ముదిరినప్పుడు టెరిటోరియల్ ఆర్మీలోని ప్రతి ఒక్కరినీ అవసరమైతే పిలిపించుకునే అధికారాన్ని కేంద్రం సైన్యాధిపతికి ఇచ్చింది. ఉన్న 32 పదాతి బెటాలియన్లలో పద్నాలుగింటిని రంగంలోకి దించడానికి అనుమతించింది. అప్పుడు దేశమంతా ఆత్రంగా అడిగిన ప్రశ్న ఒక్కటే: ధోనీ వెళ్తాడా? 2011లో ఈ సైన్యంలోనే గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా అందుకుని, 2019లో కశ్మీరుకు వెళ్లి రెండు వారాలు తన బెటాలియన్‌తో గడిపిన ఆ క్రికెటర్‌ను నేను తప్పుపట్టను. నా మంట మా మిత్రుడి మేనేజర్ మీద. ఆ వారమంతా వాట్సాప్ స్టేటస్‌లో ‘ఈసారి వదలొద్దు, తుడిచిపెట్టేయాలి’ అని నిప్పులు కురిపించిన ఆ పెద్దమనిషి, నిజంగా వెళ్లవలసి రావచ్చునన్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే అడిగింది ఇదీ: “నువ్వు పోతే నీ పేరున ఉన్న ఫిర్యాదుల టికెట్లు ఎవరు చూస్తారు?” సిగ్గుండాలి! తుడిచిపెట్టేది ఎవరనుకున్నావయ్యా, నీ స్టేటస్సా? నీకు యుద్ధం కావాలి, కానీ అందులో చచ్చేవాడు నీ టీములోవాడు కాకూడదు, ఎవరి కొడుకో ఎక్కడి వాడో కావాలి.

చట్టం ఊరుకోదు లెండి. సైనిక సేవ ముగించుకుని వచ్చినవాడిని మునుపటికి తీసిపోని షరతులతో తిరిగి పనిలోకి తీసుకోవాలని యజమానిని శాసిస్తుంది. కాదంటే ఆరు నెలల జీతం చెల్లించాలి, ఆపైన జరిమానా. ఎంత? వెయ్యి రూపాయల వరకు. ఆగస్టు 15న ఆ ఆఫీసు గుమ్మానికి కట్టిన మూడు రంగుల బుడగల ఖర్చు అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

చివరికి మా మిత్రుడు జీతం లేని సెలవు మీద వెళ్లి వచ్చాడు. ముప్పై మందిని వెంటబెట్టుకుని చీకట్లో కొండెక్కి దిగి, అరికాళ్ల నిండా బొబ్బలతో తిరిగి వచ్చేసరికి వార్షిక మదింపు సిద్ధంగా ఉంది. ‘నాయకత్వ లక్షణాలు పెంపొందించుకోవాలి’ అని రాశారు. అందుకుగాను ఊరి బయట రిసార్టులో రెండు రోజుల నాయకత్వ శిబిరానికి కంపెనీ ఖర్చుతోనే పంపించారు. అక్కడ మైకు పట్టుకుని పాఠం చెప్పడానికి వచ్చినాయన ఒక రిటైర్డు కర్నల్. ఆ రెండు రోజుల గైర్హాజరుకు మాత్రం పోర్టల్‌లో ప్రత్యేకంగా ఒక కారణం ఉంది: ‘శిక్షణ’.